జారిందా, వదిలేశాడా

కెనడాలోని ఒషావాలో మంచు ఇంకా నేల మీద నిలవని నవంబరు నెల. ఆదివారం మధ్యాహ్నం వీరభద్రం తన ఇంటి బేస్‌మెంట్‌లో సోఫాకి ఎడమ చివర, గోడవారగా కూర్చున్నాడు. ఆ చోటు ఆయనది కాదు. ఈ ఇల్లు కొన్నప్పటి నుంచీ ఆయన కూర్చునేది మధ్యలో, టీవీకి సరిగ్గా ఎదురుగా. ఎందుకు జరిగారని అడిగితే మెడ పట్టేసిందనో, ఇక్కడైతే హీటర్ గాలి తగులుతుందనో అంటాడు. అసలు కారణం పక్కన కూర్చున్న డాక్టరు వెంకటేశ్వర రావు గారు. వీరభద్రం గోడవారకి జరిగితే ఆయన ఎడమ చెయ్యి గోడకీ తొడకీ మధ్యకి వెళ్ళిపోతుంది. డాక్టరు గారి కళ్ళకి కనపడదు.

ఒక మనిషి తన సొంత ఇంట్లో తన సొంత చేతిని దాచుకోవలసి రావడమేమిటని మీరడగొచ్చు. ఆ చెయ్యి గురించి ఆయన జీవితమంతా చెప్పుకున్న గొప్పలు తెలిస్తే అడగరు.

వీరభద్రం కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీకి వికెట్ కీపరు. ఇప్పటికీ ఒషావాలో తెలుగువాళ్ళు ఆయన్ని కీపరు గారనే పిలుస్తారు. ఆ రోజుల్లో ఆయన ఎన్ని క్యాచ్‌లు పట్టాడో లెక్క లేదు గానీ, ఒక్కటి కూడా వదల్లేదని మాత్రం ఆయనే చెబుతాడు. మనం కాదనడానికి అప్పటివాళ్ళెవరూ ఇక్కడ లేరు. పెళ్ళయ్యాక కెనడా వచ్చి, కార్ల విడిభాగాలు చేసే ప్లాంటులో క్వాలిటీ చూసే ఉద్యోగంలో చేరాడు. అక్కడ సోమవారం లంచ్‌రూములో అందరూ ఒకటే మాట్లాడుకునేవారు, ఆదివారం నాటి ఫుట్‌బాల్. మన ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేతులతో విసురుకునే అమెరికా ఫుట్‌బాల్. వీరభద్రం మొదట్లో మూలన కూర్చుని పెరుగన్నం తింటూ వినేవాడు. ఒంటరితనం భరించలేక ఆట నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక లంచ్‌రూములో అందరికంటే గట్టిగా అరిచేవాడు ఆయనే అయ్యాడు.

ఆ ఆటలో ఆయన కన్నుపడింది ఒక్కడి మీదే. బంతి విసిరేవాడు ఒకడుంటాడు, పరిగెత్తుకుంటూ పోయి దాన్ని అందుకునేవాడు ఇంకొకడు. ఆ అందుకునేవాణ్ణి రిసీవరు అంటారు. వీరభద్రానికి మిగతా ఆటంతా సంత, రిసీవరు చేతులే ఆట. వాడు బంతి చేతికి రాకముందే ముందుకి చూశాడా, అరచేతులు దగ్గరగా పెట్టాడా, ఒంటికి హత్తుకున్నాడా, అన్నీ చూస్తాడు. వాడి చేతికి తగిలి బంతి కిందపడిందా, ఇక వాడి ఏడు తరాలూ ఒషావా బేస్‌మెంట్‌లో దులపబడతాయి.

అందుకే ఆ బేస్‌మెంట్‌లో ఒక చట్టం పుట్టింది. బంతి కిందపడితే "జారిపోయింది" అనకూడదు. "వదిలేశాడు" అనాలి.

"జారిపోయిందంటే తప్పు బంతిది. వదిలేశాడంటే తప్పు వాడిది. చేతికి తగిలాక ఇంకా బంతిదేమిటండీ తప్పు? పట్టుకోవాల్సిందే!" అని వీరభద్రం సిద్ధాంతం. ఎవరైనా పొరపాటున "జారింది" అన్నారంటే వచ్చే ఆదివారం మిరపకాయ బజ్జీలు వాళ్ళే తేవాలి.

ఎక్కువసార్లు బజ్జీలు తెచ్చిన ఘనత గోపీకృష్ణది. హైదరాబాదు కుర్రాడు, కుర్రాడంటే ఇప్పుడు నలభై దగ్గరపడ్డాడు, అమెరికాలో కొన్నాళ్ళు సాఫ్ట్‌వేరు చేసి, వీసా విసిగించి ఇక్కడికొచ్చాడు. అక్కడినుంచి మోసుకొచ్చింది ఒక టీమ్ పిచ్చి. వాళ్ళేమో తెల్ల జెర్సీలు వేసుకుని ముఖ్యమైన సమయంలో బంతులు కింద పారేసుకునే జాతి. గోపీకి వాళ్ళ మీద ప్రేమ కొద్దీ నోటికి "జారింది" అనే మాటే వస్తుంది.

ఆ బేస్‌మెంట్‌లో రెండో చట్టం డాక్టరు గారిది. ఆయన గుంటూరు నుంచి వచ్చి, నరాల డాక్టరుగా పేరు తెచ్చుకుని రిటైరైన మనిషి. తెలుగువాళ్ళ ఫంక్షన్లలో డాక్టరు పడే పాట్లు పగవాడికి కూడా వద్దు. పులిహోర లైన్లో నిలబడితే చాలు, "అంకుల్, ఒక చిన్న డౌట్" అంటూ ఎవరో మోచెయ్యి చూపిస్తారు, ఇంకెవరో ఫోన్లో స్కాన్ రిపోర్టు తెరుస్తారు. విసిగిపోయి ఆయన ప్రకటించాడు. "ఈ మెట్లు దిగాక నేను డాక్టర్ని కాను. ఎవరి చెయ్యీ పట్టుకోను, ఎవరి రిపోర్టూ చూడను. ఎవరికైనా నొప్పుంటే సోమవారం ఫోన్ చెయ్యండి." అందరూ నవ్వారు, ఒప్పుకున్నారు.

ఈ రెండు చట్టాల మధ్యా వీరభద్రం ఇరుక్కుపోయాడు.

మొదలైంది ఎండాకాలం చివర్లో. కాఫీ గ్లాసు ఎడమ చేతిలోంచి కింద పడింది. ఎవరికి పడవు గ్లాసులు? తుడిచేశాడు. తర్వాత తాళంచెవులు. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోవడానికి వేళ్ళు మొరాయించాయి. కూరల సంచీ కారు దగ్గరే నేల మీద కూర్చుండిపోయింది, టమాటాలు డ్రైవ్‌వే అంతా దొర్లాయి. భార్య హైమావతి ఫార్మసీలో పనిచేస్తుంది, సాయంత్రానికి కాళ్ళు లాగుతూ ఇంటికొస్తుంది. ఆవిడకి ఓపిక తక్కువ.

"ఏంటండీ ఈమధ్య, అన్నీ కింద పారేస్తున్నారు? ధ్యాస ఎక్కడుంటోంది?"

పారేస్తున్నాడట. వీరభద్రానికి ఆ మాట చెంపదెబ్బ తగిలినట్టయింది. కానీ దిద్దలేదు. ధ్యాస లేదనుకుంటేనే మంచిది. మతిమరుపు మొగుడంటే ఎవరికీ భయం ఉండదు.

ఆయనకి ఉంది. నిలువెల్లా ఉంది. ప్లాంటులో పక్క లైన్లో పనిచేసిన ఒకాయనకి ఇలాగే ముందు చేతిలోంచి స్పానర్ పడిపోయేది. అందరూ వేళాకోళం చేశారు, వీరభద్రం కూడా చేశాడు. ఆ మనిషి రిటైర్మెంటు పార్టీకి చక్రాల కుర్చీలో వచ్చాడు. కేకు ముక్క భార్య నోట్లో పెట్టింది. ఒకరోజు వీరభద్రం తలుపేసుకుని, ఎడమ చెయ్యి పట్టు తప్పితే ఏమవుతుందో ఫోన్లో వెతికాడు. రెండో లైనులోనే ఆ ప్లాంటు మనిషికొచ్చిన జబ్బు పేరు కనపడింది. ఫోను బోర్లా పెట్టేసి, ఇంకెప్పుడూ వెతకలేదు. డాక్టరు దగ్గరికి వెళితే పేరు పెడతారు. వెళ్ళకపోతే పేరు లేదు. చదువుకున్నవాడే, ముప్పై ఏళ్ళు క్వాలిటీ చూసినవాడే, లోపం ఉన్న భాగాన్ని ఒక్కటి కూడా గేటు దాటనివ్వని మనిషే, తన దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకున్నాడు. భయం మనిషిని అంత తెలివితక్కువవాణ్ణి చేస్తుంది.

అదొక్కటే అయితే దాచుకుని ఇంకొన్నాళ్ళు లాక్కొచ్చేవాడు. కానీ మనవరాలుంది.

కూతురు ధరణి వాళ్ళు ఈ ఊళ్ళోనే, కారులో ఐదు నిమిషాల దూరంలో ఉంటారు. పాప పేరు భవిత. ఈమధ్యే ఏడాది నిండింది, బొద్దుగా, బరువుగా, చేపపిల్లలా క్షణం కుదురుగా ఉండదు. ధరణి సెలవు అయిపోయింది, సోమవారం నుంచి ఆఫీసుకి వెళ్ళాలి. డే కేర్లో సీటు కోసం పాప కడుపులో ఉండగానే పేరు రాయించారు. వసంతకాలంలో ఆ సీటు వచ్చింది కూడా. అప్పుడు వీరభద్రం చెయ్యి బాగానే ఉంది, నోరు అంతకంటే బాగుంది.

"డే కేరేమిటి, పరాయివాళ్ళ చేతుల్లో పెట్టడమేమిటి? నేను ఖాళీగానే ఉన్నాగా. నా చేతిలో పడ్డది ఏదైనా ఇంతవరకూ కింద పడిందా?" అన్నాడు అల్లుడి ముందు, ఛాతీ విరుచుకుని. సీటు వదిలేశారు. ఇప్పుడు మళ్ళీ కావాలంటే వరసలో చివర నిలబడాలి. ధరణి ఆఫీసులో తేదీ ఖాయమైపోయింది. రోజంతా ఇంట్లో తాతా మనవరాలూ, ఇంకెవరూ ఉండరు.

గురువారం నాడు ధరణి ట్రయల్ అంటూ పాపని ఇక్కడ దింపి, ఆఫీసు లాప్‌టాప్ తెచ్చుకోవడానికి వెళ్ళింది. కాసేపు బాగానే గడిచింది. తర్వాత పాప ఆకలికి రాగం తీస్తే, వీరభద్రం ఆమెని ఎడమ చంకలో వేసుకుని వంటింట్లోకి నడిచాడు. పాప మామూలుగానే వెనక్కి విరుచుకుంది. ఆయన చెయ్యి బిగించాడు. బిగించానని అనుకున్నాడు. చెయ్యి మాట వినలేదు. పాప నడుము దగ్గర్నుంచి మెత్తగా, నెమ్మదిగా కిందికి జారిపోతోంది, తల ముందుగా, కింద టైల్స్. ఆయన కుడి చేత్తో గౌను దొరకబుచ్చుకుని, మోకాలు అడ్డం పెట్టి, ఒళ్ళంతా వేసి పాపని ఫ్రిజ్‌కి అదిమేశాడు.

భవిత కిలకిలా నవ్వింది. అదో ఆట అనుకుంది. మళ్ళీ చెయ్యమని చేతులు చాపింది.

వీరభద్రం పాపతో సహా అక్కడే నేల మీద కూలబడ్డాడు. ధరణి తిరిగొచ్చేదాకా లేవలేదు. పాపని ఎత్తలేదు, సీసా అందుకోలేదు, ఆమె ఏడిస్తే ఏడవనిచ్చాడు, గరిటెలు ముందు పోసి ఆడించాడు. ఎంత ఏడ్చినా నేల మీద ఉన్న పిల్ల కింద పడదు కదా అని మనసులో అదే జపం.

ధరణి వచ్చి చూసి మురిసిపోయింది. "అయ్యో నాన్నా, నువ్వు కూడా నేల మీదే! సో క్యూట్!" అని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. బెస్ట్ తాత అని రాసింది. సాయంత్రానికల్లా దానికింద ఊళ్ళోవాళ్ళందరి గుండె బొమ్మలూ పడ్డాయి. డాక్టరు గారు మాత్రం ఏ బొమ్మా పెట్టలేదు. వీరభద్రం అది గమనించాడు. డాక్టరు గారికేదో అనుమానం తగిలిందనుకున్నాడు.

శుక్రవారం చెబుదామనుకున్నాడు. శనివారం చెబుదామనుకున్నాడు. శనివారం సాయంత్రం నిజంగానే ధరణికి ఫోన్ చేశాడు. అటువైపు కూతురు ఆఫీసుకి వేసుకెళ్ళే బట్టలు చూసుకుంటూ ఉత్సాహంగా ఉంది. "నాన్నా, నువ్వు లేకపోతే నేనేం చేసేదాన్ని!" అంది. ఆయన పాపకి జలుబు తగ్గిందా అని అడిగి పెట్టేశాడు. ఇప్పుడు ఆదివారం వచ్చేసింది. రేపు పొద్దున్న ధరణి పాపని తెచ్చి ఆయన చేతుల్లో పెట్టి వెళ్ళిపోతుంది.

టీవీలో ఆట చివరికొచ్చింది. గోపీ జట్టు కొద్ది తేడాతో వెనకబడి ఉంది. బంతి గాల్లోకి లేచి మైదానం అంచు గీత వైపు వెళ్ళింది. తెల్ల జెర్సీ రిసీవరు ఒకడు గీత పక్కన ఎగిరి, బంతిని వేళ్ళ చివర్లతో అందుకుని, ఒక కాలు ఆనించి, రెండో కాలు ఆనించి, భుజం మీద పడ్డాడు. పడ్డప్పుడు బంతి కొంచెం కదిలింది. అంపైర్లు పట్టినట్టే అన్నారు. అవతలి జట్టు వాళ్ళు గోలపెట్టారు. ఆట ఆపి, వీడియో మళ్ళీ చూడటం మొదలుపెట్టారు.

"క్లియర్ క్యాచ్ అంకుల్!" గోపీ సోఫాలోంచి లేచిపోయాడు. "బంతి మీద కంట్రోల్ ఉంది, రెండు కాళ్ళూ గీత లోపల పడ్డయి, ఇంకేం కావాలె?"

"రెండు కాళ్ళెందుకయ్యా, మా కెనడా ఆటలో ఒక్క కాలు చాలు," అన్నాడు డాక్టరు గారు.

"మీ ఆట సంగతి వదిలేయండి సార్. మీ గ్రౌండే పెద్దగుంటది, మీకు కాళ్ళు తక్కువ."

"కాళ్ళ సంగతి కాదు గోపీ. పడ్డప్పుడు బంతి కదిలింది చూడు."

"కదిలితే ఏమైతది? చేతిలోంచి పోలేదు కదా! కదలడం వేరు, పోవడం వేరు. రూలు మార్చి ఏండ్లయింది."

మామూలుగా అయితే ఈపాటికి వీరభద్రం గొంతు మెట్లెక్కి వంటింటిదాకా వినపడాలి. క్రికెట్ రూలు తెచ్చి దీనికి అతికించడం ఆయన హక్కు. బంతి మీద పట్టు, ఒంటి మీద పట్టు, రెండూ ఉంటేనే క్యాచ్ అని చెప్పి, లేచి నిలబడి, దిండుతో పట్టి చూపిస్తాడు. ఇవాళ గోడవారన నోరు కట్టేసినట్టు కూర్చున్నాడు.

తెర మీద ఆ రిసీవరు చేతులు మళ్ళీ వచ్చాయి, ఈసారి నెమ్మదిగా, దగ్గరగా. వేళ్ళు తెర నిండా ఉన్నాయి. కుడి చేతి వేళ్ళు బంతి తోలుని పట్టి ఉన్నాయి. ఎడమ చేతి వేళ్ళు తెరుచుకుంటున్నాయి. ఇంకోసారి చూపించారు. మళ్ళీ తెరుచుకున్నాయి. వీరభద్రం కళ్ళు తిప్పుకుందామంటే తిరగడం లేదు.

"ఎడమ చెయ్యి చూడండి," అన్నాడు డాక్టరు గారు నెమ్మదిగా. "మూసుకోవాల్సినప్పుడు మూసుకోలేదు."

ఆ మాట టీవీ వైపు చూస్తూ అన్నాడో, ఇటు చూస్తూ అన్నాడో వీరభద్రం తిరిగి చూడలేదు. గోడకీ తొడకీ మధ్య ఉన్న చెయ్యి ఇంకొంచెం లోపలికి తోసుకున్నాడు.

"కీపర్ అంకుల్, మీరు చెప్పండి," అన్నాడు గోపీ. "మీ రూలే కదా, బంతి మీదా పట్టుండాలె, ఒంటి మీదా పట్టుండాలె అని. ఉన్నదా లేదా వీనికి?"

"ఏమో," అన్నాడు వీరభద్రం.

గోపీ టీవీ వదిలి ఆయన వైపు చూశాడు. ఆ నోటి నుంచి ఏమో అన్న మాట వినడం అతనికిదే మొదలు.

అప్పుడే పైన తలుపు చప్పుడైంది. రేపటికి పాప బట్టలూ, డైపర్లూ ఇక్కడ పెట్టడానికి ధరణి వచ్చింది. సంచీ హైమావతికిచ్చి, పాపని చంకనేసుకుని మెట్లు దిగింది. వెనకాలే హైమావతి బజ్జీల పళ్ళెంతో వస్తోంది. భవిత తాతని చూసింది. ఈ పిల్లకొక అలవాటు, ఇష్టమైన మనిషి కనిపిస్తే ముందూ వెనకా చూడకుండా దూకేస్తుంది. రెండు చేతులూ చాపి, తల్లి చంకలోంచి సోఫా వైపు ఉరికింది.

"నాన్నా, పట్టుకో, పట్టుకో! షీ ఈజ్ జంపింగ్!" ధరణి నవ్వుతూ పాపని ఆయన మీదికి వంచింది.

వీరభద్రం రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"నాకివ్వకు!"

అంత గట్టిగా అరుస్తానని ఆయన కూడా అనుకోలేదు. ధరణి ఉలిక్కిపడి పాపని వెనక్కి లాక్కుంది. భవిత పెదవి వంకర తిరిగింది, ఒక్క క్షణం ఆగి గుక్కపెట్టి ఏడ్చింది. తాత ఎప్పుడూ ఆమెకి చేతులు చాపకుండా ఉండలేదు.

"నాన్నా, వాట్ హాపెన్డ్? ఒంట్లో బాలేదా?"

"నాకివ్వకమ్మా. రేపు కూడా ఇవ్వకు. నా చేతిలోంచి జారిపోతోంది."

గోపీకృష్ణ అలవాటు చొప్పున చెయ్యెత్తేశాడు. "అన్నారు! కీపర్ అంకుల్ ఆ మాట అన్నారు! వచ్చేవారం బజ్జీలు..." అని వీరభద్రం మొహం చూసి, చెయ్యి దించుకుని, మిగతాది మింగేశాడు.

"తెస్తాలే గోపీ," అన్నాడు వీరభద్రం. "కానీ నేను వదలడం లేదయ్యా. గట్టిగానే పట్టుకుంటున్నాను. ఒట్టు. ఎంత గట్టిగా పట్టుకున్నా జారిపోతోంది."

గురువారం జరిగింది చెప్పాడు. ఫ్రిజ్ సంగతి, టైల్స్ సంగతి, పాప నవ్విన సంగతి. గ్లాసులూ, టమాటాలూ కూడా చెప్పాడు. ధరణి పాపని రెండు చేతులతో గుండెకి అదుముకుంది, అది ఆమెకి తెలియకుండానే చేసింది. వీరభద్రం అది చూశాడు. కూతురు తన పిల్లని తన నుంచి కాపాడుకుంటోంది. గురువారం నుంచీ ఆయన దేనికి భయపడ్డాడో అది జరిగిపోయింది.

"గురువారం నుంచి తెలుసా నీకు?" ధరణి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, గొంతులో మాత్రం కోపం. "నేను ఆ ఫోటో అందరికీ పంపాను నాన్నా! రేపు నేను ఆఫీసుకి వెళ్ళిపోయాక చెప్పేవాడివా? లేకపోతే... ఏదైనా అయ్యాకా?"

"నిన్న ఫోన్ చేసింది అందుకేనమ్మా," అన్నాడు వీరభద్రం.

హైమావతి పళ్ళెం ఎక్కడ పెట్టిందో ఏమో, వచ్చి ఆయన పక్కన, గోడకీ ఆయనకీ మధ్య ఉన్న కాస్త చోటులోనే ఇరుక్కుని కూర్చుంది. "పారేస్తున్నారని తిట్టాను కదండీ," అంది.

డాక్టరు గారు రిమోట్ తీసుకుని టీవీ గొంతు నొక్కేశాడు. ఆ క్యాచ్ పట్టినట్టా కాదా అనే తీర్పు తెర మీద అప్పుడే చెబుతున్నారు, ఎవరికీ వినపడలేదు. గోపీ కూడా అటు చూడలేదు.

"దసరా భోజనాలనాడే చూశాను కీపరు గారూ," అన్నాడాయన. "మీరు పళ్ళేన్ని చేత్తో పట్టుకోలేదు, పొట్టకి ఆనించుకున్నారు. మొన్న ఆ ఫోటో పెద్దది చేసి చూశాను. ఎడమ చెయ్యి నేల మీద పెట్టుకున్నారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ పల్చబడింది. ఫోన్ తీశాను, పెట్టేశాను. మెట్లు దిగాక డాక్టర్ని కానని పెద్ద చట్టం చేసుకున్నాను కదా. ఆయనే అడుగుతాడులే, అడక్కుండా చెబితే ఏమనుకుంటాడో అని మొహమాటం. రేపట్నుంచి పాప మీ చేతుల్లో ఉంటుందని తెలిసి కూడా." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "జారింది మీకు. వదిలేసింది నేను."

ధరణి పాపని గోపీకిచ్చి తండ్రి ముందు కార్పెట్ మీద కూర్చుంది. గోపీ పిల్లని రెండు చేతులతో, అరచేతులు దగ్గరపెట్టి, ఒంటికి హత్తుకుని, బేస్‌మెంట్ పాఠం ఒక్కటి కూడా మర్చిపోకుండా పట్టుకున్నాడు.

"రేపు నేను వెళ్ళట్లేదు," అంది ధరణి. "వాళ్ళకి పొద్దున్నే కాల్ చేస్తా. అంకుల్, ఇదేంటి? ఈజ్ ఇట్ బ్యాడ్?"

"ఇప్పుడే పేరు పెట్టనమ్మా. మెడలో నరం నొక్కుకుపోయినా ఇలాగే ఉంటుంది, దానికి దారి ఉంది. వేరేదీ కావచ్చు. పరీక్షలు కావాలి. రేపు నేనే తీసుకెళతాను, నా దగ్గర పనిచేసినావిడ ఉంది, మంచి డాక్టరు." ఆయన ముందున్న టీపాయ్ మీద బజ్జీల పళ్ళెం పక్కకి జరిపి, టీపాయ్ మీదే కూర్చుని, వీరభద్రానికి ఎదురుగా రెండు చేతులూ చాపాడు. రెండేసి వేళ్ళు ముందుకి పెట్టాడు. "ఇవి పట్టుకుని నొక్కండి. మీ బలమంతా పెట్టండి, నాకేం కాదు."

వీరభద్రం వీపు వెనకనుంచి చేతులు బయటికి తీశాడు. ఎడమ చెయ్యిని బయటికి తేవడానికి కుడి చెయ్యి కొంచెం సాయం పట్టింది. హైమావతి అది చూసి తల తిప్పుకుంది. ఆయన డాక్టరు వేళ్ళు రెండు వైపులా పట్టుకుని, పళ్ళు బిగించి, కాకినాడలో నేర్చుకున్న బలమంతా తెచ్చి నొక్కాడు.

"అబ్బ! ఈ కుడి చెయ్యి కీపరుదే," అన్నాడు డాక్టరు గారు, మొహం చిట్లించి. గోపీ చంకలో భవిత ఏడుపు ఆపి వాళ్ళ చేతుల వైపే చూస్తోంది. డాక్టరు గారు తల వంచి, రెండో వైపు ఉన్న తన వేళ్ళ మీద దృష్టి పెట్టాడు.

"ఊఁ, ఇప్పుడు ఎడమ చేత్తో కూడా నొక్కండి," అన్నాడు.

వీరభద్రం అప్పటికే నొక్కుతున్నాడు.